ఎక్స్ఛేంజి కార్డు నుంచి కౌన్సెలింగ్ దాకా: పల్నాటిలో చదువుల ఎంపిక

ఏ చదువు ఏ ఉద్యోగానికి దారితీస్తుందో విద్యార్థికి ముందుగా తెలియజెప్పి, అతని శక్తికీ అభిరుచికీ తగిన దారి ఎంచుకోవడానికి తోడ్పడే పనిని వృత్తి మార్గదర్శనం అంటారు. పల్నాటిలో ఈ పనికంటూ ప్రత్యేకించి ఒక వ్యవస్థ చాలాకాలం లేదు. అందుబాటులో ఏ బడి ఉంటే ఆ బడే దారి చూపేది. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1849లో గురజాలకు మకాం మార్చిన తరువాత ఆ ప్రాంతంలో పాదుకొన్న మిషన్ బడుల్లో చదివినవారికి కళ్లెదుట కనిపించే కొలువు ఆ బడిపంతులుదే. పైచదువు కావాలంటే గుంటూరు పోవాలి. 1950లో నరసరావుపేటలో శ్రీ సుబ్బరాయ నారాయణ కళాశాల వెలసిన తరువాత ఆ దూరం కొంత తగ్గింది. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాకు నరసరావుపేటే కేంద్రమైనా, గురజాల, మాచర్లలు ప్రధానమైన పాత పల్నాడు తాలూకాలో ఆ పట్టణం లేదన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన విషయం.

ప్రభుత్వపరంగా ఈ బాధ్యత మొదట ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలకు, అంటే నిరుద్యోగుల పేర్లు నమోదు చేసుకొని ఖాళీలున్న చోటికి పంపే కార్యాలయాలకు దక్కింది. రెండో ప్రపంచయుద్ధం ముగిసి సైన్యం నుంచి విడుదలైనవారికి పని చూపడానికి 1945లో మొదలైన ఈ ఏర్పాటు, బి.శివరావు కమిటీ సిఫార్సుల మేరకు, సరిగ్గా ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956 నవంబర్ 1వ తేదీనే రాష్ట్రాల అజమాయిషీలోకి వచ్చింది. ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలపాలని 1959 నాటి చట్టం నిర్బంధించింది గాని, అక్కడినుంచి వచ్చినవారినే తీసుకోవాలని ఎక్కడా చెప్పలేదు. ఈ తేడా జనానికి పట్టలేదు. నమోదు సంఖ్య, తేదీ, విద్యార్హత రాసి ఇచ్చిన కార్డును మూడేళ్లకొకసారి రెన్యూవల్ చేయించుకుంటూ, సీనియారిటీ పెరిగితే పిలుపు వస్తుందని ఎదురుచూడటమే ఆనవాయితీ అయింది. సలహా ఇవ్వవలసిన కార్యాలయం వరుసలో నిలబెట్టే కార్యాలయంగా మిగిలింది. చివరికి కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నియామకాలపై తలెత్తిన వివాదంలో, ఎక్స్ఛేంజీ పంపిన పేర్లతో సరిపెట్టకుండా పత్రికల్లోనూ ప్రకటన ఇచ్చి, దరఖాస్తు చేసిన అర్హులందరినీ పరిశీలించాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పడంతో ఆ కార్డు విలువ బాగా తగ్గింది.

పట్టభద్రుల కోసం విశ్వవిద్యాలయాల్లో ఉపాధి సమాచార, మార్గదర్శక కేంద్రాలు వెలిసినా, అవి ప్రాంగణాన్ని అంటిపెట్టుకొని ఉన్నవి. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు పల్నాటి డిగ్రీ విద్యార్థి ఆంధ్ర విశ్వవిద్యాలయం పట్టా పుచ్చుకొనేవాడు గనుక, అతని విశ్వవిద్యాలయం ఎక్కడో విశాఖపట్నంలో ఉండేది. అంతకంటె 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదిలిన నాగార్జునసాగర్ ఆనకట్టే ఇక్కడివారికి ఇంజనీరు, ఓవర్సీరు అనే ఉద్యోగాలను కళ్లకు కట్టినట్టు చూపిందనడం సబబు.

1986లో ఎంసెట్, అంటే ఇంజనీరింగ్, వైద్య, వ్యవసాయ కోర్సుల ఉమ్మడి ప్రవేశపరీక్ష, మొదలయ్యాక మాటకే అర్థం మారింది. సలహా చెప్పడమని అర్థమున్న కౌన్సెలింగ్, తెలుగునాట ర్యాంకుల వరుసన సీట్లు పంచే తంతుకు పేరైంది. తన వంతు వచ్చేసరికి మిగిలిన సీట్లు చూసి, తండ్రీ కొడుకులు నిలుచున్న చోటే బ్రాంచి తేల్చుకోవలసి వచ్చేది. నిజానికి అసలు నిర్ణయం అంతకు రెండేళ్ల ముందే, పదో తరగతి కాగానే ఇంటర్‌లో గణితం ఉండే ఎంపీసీయో, జీవశాస్త్రం ఉండే బైపీసీయో గ్రూపు ఎంచుకున్నప్పుడే, అయిపోయి ఉండేది. ఆ వయసు పిల్లలకు దారి చెప్పేవారు కావాలని మాధ్యమిక విద్యపై ఏర్పాటైన 1952–53 నాటి మొదలియార్ కమిషన్ సిఫార్సు చేసినా, ఆ పని ఎక్కువగా బంధువులకూ, అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరిగే కళాశాలల సిబ్బందికీ దక్కింది. సీట్ల కేటాయింపు వెబ్‌లోకి మారాక, పక్కన కూర్చుని ఆప్షన్లు పెట్టించే నెట్ సెంటరు కుర్రాడు కూడా వారితో చేరాడు.