తూకం రాయి – తెలుగు సిపాయి

1974 నాటి మాట. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. తాడేపల్లిగూడెం దగ్గర ఒక రైస్ మిల్లులో బస్తాలు మోసేవాణ్ణి. పక్కనే మిలిటరీ మాధవరం. ఇంటికొక సిపాయిని ఇచ్చిన ఊరని పేరు. ఆ ఊరి కుర్రాళ్లు ట్రంకు పెట్టెలతో సెలవుల మీద దిగుతుంటే చూసి నాకూ ఆశ పుట్టింది. భర్తీకి వెళ్లాను. పరుగు గెలిచాను. ఎత్తు సరిపోయింది. ఛాతీ ఎలాగో ఉబ్బించాను. తూకం దగ్గర దొరికిపోయాను. కావలసిన దానికి రెండు కిలోలు తక్కువ!

ఎవరో చెబితే ఆ ఉదయం ఎనిమిది అరటిపళ్లు తిని, చెంబుడు నీళ్లు తాగి మరీ కాటా ఎక్కాను. ఈ వ్యాసం చదివే మిత్రుల్లో ఆ పని చేసినవాళ్లు చాలామందే ఉంటారని నాకు తెలుసు, నవ్వుకోండి. అయినా ముల్లు కదల్లేదు. "తమ్ముడూ, ఇంటికెళ్లి అన్నం తిని రా" అని పంపేశారు.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. డెబ్భై అయిదు కిలోల బస్తాను వీపు మీద మోసేవాడికి యాభై కిలోల ఒళ్లు ఎందుకు రాలేదు? పని చేస్తే కండ పెరుగుతుందంటారే! ఈ ప్రశ్నకు జవాబు నాకు ముక్కలు ముక్కలుగా, నలభై ఏళ్లలో దొరికింది. ఆ జవాబులో మన తెలుగు సిపాయి చరిత్ర కూడా ఉందని తెలిశాక ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

తిలంగాలు బక్కవాళ్లెలా అయ్యారు?

ఉత్తరాదిలో ఒకప్పుడు సిపాయి అనడానికి 'తిలంగా' అనేవారు. ఈస్టిండియా కంపెనీ మొదట్లో బెంగాలుకు తీసుకువెళ్లిన సిపాయిల్లో తెలుగువాళ్లు ఎక్కువ కాబట్టి ఆ పేరు వచ్చింది. 1760 వాందివాష్ నుంచి 1803 అస్సాయి దాకా మద్రాసు సేన చేసిన యుద్ధాల్లో మనవాళ్లు ఉన్నారు. అప్పుడు ఎవరికీ మన ఛాతీ కొలత మీద అనుమానం రాలేదు.

ఆ తర్వాత 1881 నుంచి 1885 వరకు ఫ్రెడరిక్ రాబర్ట్స్ మద్రాసు సేనకు ప్రధాన సేనాని, 1885 నుంచి 1893 వరకు మొత్తం భారత సేనకు ప్రధాన సేనాని. యుద్ధానికి పనికొచ్చే జాతులు కొన్నే ఉంటాయని, దక్షిణాది వాళ్లలో ఆ గుణం పోయిందని ఆయన నమ్మకం. 1897లో వచ్చిన తన ఆత్మకథలోనూ అదే రాశాడు. మద్రాసు పటాలాలు తగ్గాయి, మనవాళ్ల భర్తీ సన్నగిల్లింది. శౌర్యం పుట్టుకతో వస్తుందనే ఈ వాదానికే 'మార్షల్ రేస్' సిద్ధాంతమని పేరు.

తమాషా ఏమిటంటే, అది చెల్లుబాటవుతున్న రోజుల్లోనే వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసిన కోడి రామమూర్తి నాయుడు గారు గుండెల మీదికి ఏనుగును ఎక్కించుకుని దేశమంతా చూపించారు. అన్నం తినే నేలలో భీముడు పుట్టడని చెప్పినవాళ్లకు అంతకన్నా జవాబేముంటుంది? అయితే ఒక్క భీముణ్ణి చూసి మిగతావాళ్ల ఆకలి మరిచిపోకూడదు. అసలు కథ అక్కడుంది.

కూనూరు ఎలుకలు

నీలగిరుల్లో కూనూరు ఉంది. అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే సైనిక వైద్యుడు పనిచేశాడు. 1878లో ఐర్లండులో పుట్టి, 1901లో ఇండియన్ మెడికల్ సర్వీసు తరఫున ఇక్కడికి వచ్చినవాడు. మన దేశంలో ఒక్కో ప్రాంతం వాళ్ల ఒడ్డూ పొడుగూ ఒక్కో రకంగా ఎందుకుందో తేల్చాలనుకున్నాడు. ఒకే జాతి ఎలుకల్ని ఏడు గుంపులు చేసి, ఏడు ప్రాంతాల భోజనం పెట్టాడు. ముడిగోధుమ చపాతీ, వెన్న, పాలు, మొలకెత్తిన గింజలు, పచ్చికూరలు, అప్పుడప్పుడు మాంసం తిన్న 'సిక్కు' ఎలుకల సగటు బరువు 235 గ్రాములు. పఠాన్ భోజనం మీద 230, మరాఠా 225, గూర్ఖా 200, కన్నడ 185, బెంగాలీ 180. అన్నిటికన్నా చివర, తెల్లటి మరబియ్యం అన్నం ఎక్కువ, పాలు బహు తక్కువగా తిన్న 'మద్రాసీ' ఎలుకలు 155 గ్రాములు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పుట్టుకతో అన్నీ ఒకే ఎలుకలు. మారిందల్లా పళ్లెం. భారతీయుల దేహబలంలో తేడాకు అన్నిటికన్నా పెద్ద కారణం తిండేనని మెక్‌కారిసన్ తేల్చాడు. 1936లో లండన్‌లో ఇచ్చిన కాంటర్ ఉపన్యాసాల్లోనూ ఈ ప్రయోగాలు వివరించాడు. రాబర్ట్స్ రక్తంలో ఉందన్నదాన్ని, అదే సర్కారు కొలువులో ఉన్న డాక్టరు కంచంలో చూపించాడన్నమాట.

ఎలుక వేరు, మనిషి వేరు, నిజమే. ఆ 'మద్రాసీ' భోజనం దక్షిణాదిలో అందరి భోజనమూ కాదు. రాగిసంకటి తినేవాడు, జొన్నరొట్టె తినేవాడు, చేపల పులుసు తినేవాడు మనలో లేరా? అది మరబియ్యం కొనుక్కుతినే బీదవాడి భోజనం. అంటే, నా భోజనం.

తవుడు గేదెకు, తెలుపు మనకు

మెక్‌కారిసన్ కూనూరులో 1918లో మొదలుపెట్టిన పరిశోధనకు 'బెరిబెరి ఎంక్వయిరీ' అని పేరు. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె నీరసించే ఆ జబ్బు మన ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే కోస్తా తెలుగు నేల మీద, పాతుకుపోయి ఉండేది. కారణం బియ్యం పైపొర. బియ్యాన్ని తెల్లగా పట్టేకొద్దీ బి1 విటమిన్ తవుడుతో పోతుంది. మిగిలినదాన్ని కడుగునీళ్లలో కొంత, గంజిలో కొంత పారబోస్తాం. నేను మిల్లులో మోసింది సరిగ్గా ఆ రెండు బస్తాలే. తెల్లబియ్యం బస్తా ఊళ్లోకి, తవుడు బస్తా గేదెల కొట్టంలోకి!

ఆ చిన్న పరిశోధనశాలే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు వచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయం దగ్గర మీరు చూసే ఉంటారు. ఆ సంస్థ 2020 లెక్క ప్రకారం కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకు 2,110 కేలరీలు చాలు. అదే మనిషి బరువు పని చేస్తే 3,470 కావాలి.

ఇప్పుడు నా పాత లెక్క చూడండి. రోజుకు ముప్పావు కిలో బియ్యం వండుకు తిన్నా సుమారు 2,600 కేలరీలు. పులుసు, పచ్చడి, పల్చటి మజ్జిగ కలిపినా చాలదు. పైగా ఒక్క అన్నంతో కండకు కావలసిన మాంసకృత్తులు సమపాళ్లలో రావు, పప్పో పాలో తోడు కావాలి. పని వడ్డీవ్యాపారి లాంటిది. దాని వాటా అది ముందు తీసుకుంటుంది. మిగిలితేనే ఒంటికి. నాకు మిగిలేది కాదు.

పెదనాన్న చేసిన లెక్క

మా పెదనాన్న 1942లో చేరినవాడు. ఆ ఏడే మద్రాసు రెజిమెంటును తిరిగి నిలబెట్టారు. యుద్ధం ముంచుకొచ్చేసరికి సర్కారుకు మార్షల్ రేస్ సంగతి మరపుకొచ్చింది, మద్రాసు రాష్ట్రం నుంచి మనుషుల్ని వేలకు వేలు చేర్చుకున్నారు. బక్కచిక్కి వచ్చిన రంగరూట్లు కఠినమైన శిక్షణ చేస్తూనే బరువు పెరగడం ఆనాటి సైనిక వైద్యులు చూశారు. ఇంట్లో దొరకని పప్పు, నెయ్యి, పాలు, మాంసం లంగరులో రోజూ దొరికాయి, అంతే.

నేను మొహం వేలాడేసుకుని వస్తే పెదనాన్న అరుగు మీద కూర్చోబెట్టి అడిగాడు. "ఏరా, ఏం తింటున్నావు?"

"అన్నమే పెదనాన్నా, కడుపు నిండా."

"కడుపు నిండితే సరా? ఒళ్లు నిండొద్దూ? నేను చేరినప్పుడు నీకన్నా అధ్వాన్నం. తిరిగొచ్చేసరికి పాత చొక్కా భుజాల్లో పట్టలేదు. అయిదు నెలలు ఆగు. అరటిపళ్లతో ముల్లును మోసం చెయ్యకు."

ఆయన చెప్పినట్టే చేశాం. దంపుడు బియ్యం. పొద్దున్నే ఉలవ గుగ్గిళ్లు. మిల్లుకు వెళ్తూ గుప్పెడు వేరుశనగలు, బెల్లం ముక్క. వారానికి నాలుగు గుడ్లు. రాత్రి అర లీటరు గేదె పాలు. ఓవర్‌టైము మానేసి, ఆ వేళకు నిద్ర. బస్తా మోయడం ఎలాగూ వ్యాయామమే. అయిదు నెలలకు మూడున్నర కిలోలు పెరిగాను. రెండోసారి ఖాళీ కడుపుతో కాటా ఎక్కి పాసయ్యాను.

వెల్లింగ్టన్ లంగరు

శిక్షణ వెల్లింగ్టన్‌లో. తెల్లారకముందే దౌడ్, పీటీ, డ్రిల్, ఆ కొండల మీద రోడ్ మార్చ్. మిల్లు పని ఇంతకన్నా నయం అనిపించిన రోజులున్నాయి. అయినా బరువు పెరుగుతూనే వచ్చింది. లంగరులో పప్పు గరిటెకు లెక్క లేదు. మొదటి సెలవులో ఇంటికి వెళ్తే మా అమ్మ గుమ్మంలో నిలబడి ఒక నిమిషం గుర్తుపట్టలేదు.

ఔట్‌పాస్ దొరికిన ఆదివారాలు కూనూరు వెళ్లి సిమ్స్ పార్కులో తిరిగేవాళ్లం. దగ్గర్లోనే ఆ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్. నా బక్క ఒంటి రహస్యాన్ని యాభై ఏళ్ల కిందటే ఆ గోడల వెనక తూచి రాసిపెట్టారని తెలియక, వేరుశనక్కాయలు కొరుక్కుంటూ ముందునుంచి నడిచిపోయాను.

యూనిట్‌లో ఒక బెంగాలీ మిత్రుడు మనోహర్ ఐచ్ గారి గురించి చెప్పాడు. ఆయన ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. 1942లో రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో చేరి, మన దేశాన్ని చులకన చేసిన అధికారి మీద చెయ్యి చేసుకుని జైలుకు వెళ్లారు. అక్కడ ఈయన పట్టుదలగా కసరత్తు చేయడం చూసి జైలువాళ్లే ప్రత్యేకంగా తిండి ఏర్పాటు చేశారట. 1952లో తన విభాగంలో మిస్టర్ యూనివర్స్ అయ్యారు. నూరేళ్లు దాటి బతికి 2016లో కన్నుమూశారు. మన చద్దన్నం లాంటి 'పాంతా భాత్' ఆయనకు ఇష్టమట. అన్నం శత్రువు కాదు, ఒంటరి అన్నమే శత్రువు.

చెల్లెలి గ్లాసు

ఇక చెప్పవలసింది ఒకటుంది. ఆ అయిదు నెలలు నేను తాగిన పాలు ఎక్కడివి? మా గేదె రోజుకు ఇచ్చేదే మూడు లీటర్లు. అమ్మకానికి పోయే పాలు ఆపలేరు, కిరాణా అప్పు వాటి మీదే తీరాలి. ఇంట్లో పిల్లకని ఉంచేది ఒక్క గ్లాసు. అది నా గ్లాసులో కలిసింది. చెల్లెలికి అప్పుడు పదమూడేళ్లు. సరిగ్గా ఎదిగే వయసు. "అన్నయ్య మిలిటరీకి వెళ్లాలి కదమ్మా" అని తనే అనేదని చాలా ఏళ్ల తర్వాత అమ్మ చెప్పింది. చెల్లెలు ఈనాటికీ బక్కగానే ఉంటుంది. నా ఛాతీ మీది పతకాల్లో సగం వాటా దానిది.

జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో ప్రమాణ పురుషుడి బరువు 2010 నివేదికలో 60 కిలోలు, 2020లో 65 కిలోలు. దేశం కొంచెం కోలుకుందనడానికి అదొక గుర్తు. కానీ భర్తీ ర్యాలీకి వచ్చే కుర్రాళ్లలో కూలిపని చేసుకుంటూ పరుగు ప్రాక్టీసు చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు నన్ను డబ్బా పౌడర్ల గురించి అడుగుతారు. నేను పెదనాన్న లెక్కే చెబుతాను. పప్పు, పాలు, గుడ్డు, వేరుశనగ, నిద్ర, అయిదు నెలల ఓపిక. మన పెన్షనర్లకు మాత్రం ఇంకో మాట చెప్పాలి. డ్యూటీ దిగినా లంగరు ఆకలి దిగదు. ఆ బరువు కండ కాదు, నడుం చుట్టూ చేరే అప్పు.

ఈమధ్య చెల్లెలి మనవరాలు ఫోన్ చేసింది. మిలిటరీ పోలీసులో అగ్నివీర్‌కు దరఖాస్తు పెడుతుందట. "తాతయ్యా, బరువు ఒక కిలో తక్కువుంది" అంది. ర్యాలీకి ఇంకా ఆరు నెలలుంది. ఊళ్లో పాలకేంద్రానికి ఆ ఆరు నెలల డబ్బు ముందే కట్టేశాను, రోజుకు అర లీటరు. ఈసారి గ్లాసు ఆ ఇంటికి వెళ్తోంది.

జై హింద్.