మా వదిన సమోవార్

నా చిన్నతనంలో మా వూరికి విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వాన్ వచ్చేది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు అందులో చవగ్గా దొరికేవి. ఏది తెరిచినా నాలుగు పేజీలు తిరక్కుండానే సమోవార్ వచ్చి బల్ల మీద కూర్చునేది. గోర్కీ ‘అమ్మ’లో అయితే సరేసరి. కొడుకు స్నేహితులు గుమ్మం తొక్కితే చాలు, ఆ తల్లి సమోవార్ పనిలో పడాల్సిందే. ఆ వస్తువేమిటో మాత్రం నాకు బోధపడేది కాదు. అది పాడుతుందనీ బుసకొడుతుందనీ రాసేవాళ్ళు కనక, నవ్వకండి, ఏదో పెంపుడు జంతువు కాబోలనుకున్నాను కొన్నాళ్ళు.

దాన్ని కళ్ళారా చూసింది 2018 జూన్‌లో, మా పెద్దనాన్నగారబ్బాయి ఇంట్లో. అన్నయ్య 1980ల చివర్లో చదువుకని లెనిన్‌గ్రాడ్ వెళ్ళి, అక్కడి పిల్లనే పెళ్ళిచేసుకుని వుండిపోయాడు. ఆ వూరికి 1991లో మళ్ళీ సెంట్ పీటర్స్‌బర్గ్ అన్న పాతపేరు వచ్చింది గానీ, మా పెద్దమ్మ మాత్రం చివరిదాకా లెనిన్‌గ్రాడ్ అనే అనేది. రాత్రి పదకొండయినా వెలుతురు పోని రోజులవి. వూరిబయట వాళ్ళకున్న తోట ఇంట్లో వదిన గుడ్డ మూట విప్పి, దాన్ని రెండు చేతులా ఎత్తి బల్లమీద పెట్టింది.

“అయ్యో, ఇది మా అమ్మమ్మ బాయిలరే!” అన్నాను.

పాత ఇళ్ళల్లో స్నానాలకి రాగి బాయిలరు వుండేది, మీకు గుర్తుండే వుంటుంది. నడిమధ్య గొట్టం, గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్ళు, పక్కన కుళాయి, కింద బూడిద రాలే చిల్లులు. సమోవారూ అంతే. కాకపోతే ఇత్తడిది, నడుమూ చెవులూ దిద్దిన నాజూకుది. పేరుకి అర్థం ‘తనంతట తను కాగేది’ అని. గొట్టంలో బొగ్గులో, పైన్ చెట్ల ఎండుకాయలో వేసి రాజేస్తారు. నెత్తిమీద చిన్న కూజాలో చిక్కటి డికాక్షన్ వెచ్చగా వుంటుంది. గ్లాసులో అది కొంచెం వొంపుకుని, కుళాయి తిప్పి వేడినీళ్ళు కలుపుకోవడమే. పాలు వెయ్యలేదు. పంచదార పలుకు పంటికింద పెట్టుకుని తాగమంది వదిన. మన నాలిక్కి అది టీ అనిపించడానికి నాలుగు రోజులు పట్టింది.

అసలు టీ ఆ దేశానికి వచ్చిన వైనమే తమాషా. 1638లో మంగోల్ ఖాన్ ఒకాయన రష్యా జారుకి కానుకగా నాలుగు పూడ్ల టీ ఆకు, మన లెక్కలో 65 కిలోల చిల్లర, పంపించాడట. తీసుకెళ్ళే రాయబారి ఈ ఎండాకు నాకెందుకని మొహం చిట్లించాడట. తర్వాత 1727లో చైనాతో క్యాఖ్తా దగ్గర వర్తకం ఖాయమయ్యాక, టీ మూటలు ఒంటెల మీద నెలల తరబడి నడిచి వచ్చేవి. టీ వచ్చాక నీళ్ళు కాచేది కావాలి కదా! ఉరల్ కొండల్లోని రాగి కర్మాగారాల్లో మొదట తయారైనా, సమోవార్‌కి పుట్టిల్లన్న పేరు తూలాకే దక్కింది. 1712లో పీటర్ చక్రవర్తి తుపాకుల కర్మాగారం పెట్టించిన వూరది. ఆయుధాలు చేసిన చేతులే 1778 నుంచి సమోవార్లూ చేశాయి. లిసీత్సిన్ అన్నదమ్ముల కొట్టుతో మొదలై, 1850 నాటికి 28 కర్మాగారాలు ఏడాదికి సుమారు 1,20,000 సమోవార్లు చేసేవి.

వాటిని అమ్మింది ఎలాగనుకున్నారు? తూకం లెక్కన! ఎంత బరువుంటే అంత ధర. ఈ మాట వదిన చెప్పినప్పుడు నాకెక్కడో కలుక్కుమంది. ఎందుకో తర్వాత చెబుతాను.

తూలా మ్యూజియంలో అయిదు బుల్లి సమోవార్లున్నాయి. ఒక్కోదాంట్లో గ్లాసుడు నీళ్ళే పడతాయి. 1909లో బతాషెవ్ కర్మాగారం వాళ్ళు జారు నికొలస్ అయిదుగురు పిల్లలకీ కానుకిచ్చినవి. తొమ్మిదేళ్ళకి, 1918లో, ఆ పిల్లలందర్నీ తల్లిదండ్రులతోపాటు కాల్చేశారు. అదే 1918లో కుస్తొదియెవ్ అనే చిత్రకారుడు, కాళ్ళు చచ్చుబడి చక్రాల కుర్చీలో కూర్చుని, టీ తాగుతున్న వర్తకుడి భార్య బొమ్మ వేశాడు. బొద్దుగా ఆవిడ, మెరిసే సమోవార్, పుచ్చకాయ, ఒళ్ళు రాసుకునే పిల్లి. వదిన నన్ను మ్యూజియానికి తీసుకెళ్ళి చూపించింది. “ఇది వేసిననాడు ఈ వూళ్ళో రొట్టె లేదు,” అంది.

ఇక వదిన సమోవార్. ఆమె ముత్తవ్వ 1912 ప్రాంతాన కాపురానికి తెచ్చుకున్నదట. వొంటినిండా పతకాల ముద్రలు. కుళాయి మొదట్లో మాత్రం వికారంగా అతుకు. వదిన అమ్మమ్మ పదేళ్ళ పిల్లగా వున్నప్పుడు, నీళ్ళు పొయ్యకుండానే నిప్పు వేసిందట. సమోవార్‌తో చెయ్యకూడని తప్పు అదొక్కటే. మాటు కరిగి కుళాయి వూడిపడింది. తల్లి నాలుగంటించి, వీధిలో మాట్లు వేసేవాడి చేత అతికించింది.

1941 సెప్టెంబరులో జర్మన్లు లెనిన్‌గ్రాడ్‌ని చుట్టుముట్టారు. ఆ ముట్టడి 872 రోజులు. ఆ నవంబరు, డిసెంబరుల్లో పనికి వెళ్ళలేని వాళ్ళకి రోజుకి 125 గ్రాముల రొట్టె. తల్లీ ఇరవయ్యేళ్ళ కూతురూ నేవా నది మంచుకి కన్నం పెట్టి నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు. కుర్చీ కాళ్ళు నరికి సమోవార్‌లో వేసి, టీ ఆకు లేని వుత్త వేడినీళ్ళు తాగేవాళ్ళు. ఫిబ్రవరిలో తల్లి పోయింది. తర్వాత ఎవరెంత చెప్పినా ఆ అతుకుని మళ్ళీ బాగు చేయించనివ్వలేదట అమ్మమ్మ. అమ్మ తిట్టిన గుర్తు అదొక్కటే మిగిలిందనేదట.

వదినకి ఇప్పుడొక దిగులుంది. ఒక్కడే కొడుకు. వాడు హైదరాబాదులో వుద్యోగం చూసుకుని, ఇక్కడి పిల్లనే చేసుకున్నాడు. నూరేళ్ళు దాటిన పాత వస్తువుల్ని అనుమతి లేనిదే దేశం దాటించడానికి వీల్లేదు. “కోడలికి కాగితాలు పంపగలను గానీ దీన్నెలా పంపను?” అంటుంది. అనుమతి దొరికినా, కోడలికి ఈ అతుకు సంగతి చెప్పేదెవరు అని ఇంకో బెంగ.

ఆ రాత్రి ఎండుకాయల పొగ వాసనలో రెండో గ్లాసు అందిస్తూ, “మీ అమ్మమ్మ బాయిలరు ఎవరి దగ్గరుంది?” అనడిగింది.

గీజరు పెట్టించిన ఏడాది పాత సామాన్లవాడికి వేసేశామని చెప్పాను. వేసింది నేనే.

వదిన తిట్టలేదు. కొంచెంసేపాగి, “ఎన్ని కిలోలు తూగింది?” అంది.

తొమ్మిదిన్నర. నాకిప్పటికీ గుర్తే.