మాంసాహారం: తెలుగు నేలపై చరిత్ర

తెలుగువారిలో మాంసం తినేవారే అత్యధికులు. 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం 15 ఏళ్లు నిండినవారిలో మాంసాహారులు తెలంగాణలో 98.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 98.25 శాతం. అయితే వీరిలో శనివారం ముట్టనివారున్నారు, సోమవారం ముట్టనివారున్నారు. శ్రావణంలోనో కార్తీకంలోనో నెలంతా నీసు మానేసేవారున్నారు. మేకను తిని గొడ్డును తిననివారు, గొడ్డును తిని పందిని తిననివారు పక్క పక్క వీధుల్లోనే ఉన్నారు. తినాలా వద్దా అన్నదాని కన్నా ఏ జీవాన్ని, ఏ రోజున, ఎవరి చేత కోయించి, ఎవరితో కలిసి తినాలన్నదే ఇక్కడ ఎక్కువ తగవులకు కారణమైంది.

ఈ ఆహారానికి ఆనవాళ్లు నవీన శిలాయుగం నుంచీ దొరుకుతున్నాయి. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వించిన బూడిద దిబ్బ, పశువుల దొడ్డిలో పేరుకున్న పేడ కాలిపోగా ఏర్పడినది. అనంతపురం జిల్లా పాల్వాయిలోనూ ఇలాంటి దిబ్బ ఉంది. మందలే ఆస్తిగా బతికిన ఆ జనం పశువును పెంచారు, తిన్నారు కూడా.

మాంసం గురించి ఈ నేల మీద రాతలో నిలిచిన తొలి మాట కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉంది. క్రీ.పూ. 3వ శతాబ్దపు అశోకుడి ప్రధాన శిలాశాసనాలు పద్నాలుగూ అక్కడ ఉన్నాయి. మొదటి శాసనంలో చక్రవర్తి తన వంటింటి లెక్కే చెప్పాడు. ఒకప్పుడు కూర కోసం రోజూ లక్షల ప్రాణులను చంపేవారట. శాసనం రాయించేనాటికి ఆ లెక్క మూడుకు తగ్గింది: రెండు నెమళ్లు, ఒక జింక. ఆ జింక కూడా రోజూ కాదు. ఇకమీదట ఈ మూడింటినీ చంపబోమని శాసనం ముగుస్తుంది. అప్పటికింకా పూర్తిగా మానలేదని దాచకుండా చెప్పిన ఈ రాజశాసనం అరుదైన నిజాయితీకి నిదర్శనం. బౌద్ధ వినయం కూడా భిక్షువుకు మాంసాన్ని పూర్తిగా నిషేధించలేదు. తన కోసమే చంపగా చూడనిది, చంపారని విననిది, అనుమానం లేనిది అయితే భిక్షలో పడిన మాంసాన్ని తినవచ్చంది. మాంసం పూర్తిగా మానాలని దేవదత్తుడు పట్టుబట్టినా బుద్ధుడు అంగీకరించలేదు. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు పశుబలి ఉండే అశ్వమేధం చేయగా, ఆయన ఇంటి ఆడవారు నాగార్జునకొండ బౌద్ధ విహారాలకు దానాలు ఇచ్చారు.

ఆ తర్వాతి వెయ్యేళ్లలో చెప్పుకోదగ్గది కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడి 'మానసోల్లాసం'. 12వ శతాబ్దపు ఈ సంస్కృత గ్రంథంలో కాల్చిన మాంసాల నుంచి పొలం ఎలుకల వేపుడు దాకా రాచ వంటకాల తయారీ ఉంది.

మాంసం మీద తెలుగు సాహిత్యం వేసిన అతిపెద్ద ప్రశ్న కన్నప్ప కథ. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు 'బసవపురాణం'లోనూ, 16వ శతాబ్దంలో ధూర్జటి 'శ్రీకాళహస్తి మాహాత్మ్యం'లోనూ దీన్ని చెప్పారు. వేటగాడు తిన్నడు అడవిలో కొట్టిన మాంసాన్ని కాల్చి, ముక్కముక్కా కొరికి రుచి చూసి, బాగున్నవే శివుడికి పెడతాడు. నీళ్లు పుక్కిట పట్టి తెచ్చి అభిషేకిస్తాడు. పొద్దున వచ్చిన పూజారి గుడిలో ఎముకలు చూసి గుండె బాదుకుంటాడు. శివుడు ఆ పూజారిని చాటున నిలబెట్టి, తిన్నడు తన కన్ను పెకలించి ఇవ్వడాన్ని చూపిస్తాడు. ఈనాటికీ శ్రీకాళహస్తి బ్రహ్మోత్సవాల్లో తొలి ధ్వజారోహణం కన్నప్పదే.

విజయనగర కాలానికి విదేశీయుల రాతలు పుష్కలం. 1520 ప్రాంతంలో రాజధానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయెస్, వీధివీధినా గొర్రె మాంసం అమ్మేవారున్నారనీ, రోజూ కోసే గొర్రెలకు లెక్కే లేదనీ రాశాడు. పందుల కసాయివారి ఇళ్లలోని పందులు అంత తెల్లగా, శుభ్రంగా మరే దేశంలోనూ ఉండవన్నాడు. కౌజులు, పూరేళ్లు, కుందేళ్లు అంగడిలో దొరికేవి. మహర్నవమి తొలిరోజున 24 దున్నలను, 150 గొర్రెలను బలి ఇచ్చారనీ, చివరిరోజున 250 దున్నలను, 4,500 గొర్రెలను నరికారనీ లెక్క చెప్పాడు. సుమారు పదిహేనేళ్ల తర్వాత రాసిన మరో పోర్చుగీసువాడు నూనిజ్ పట్టిక ఇంకా పెద్దది. రాజులు ఆవును, ఎద్దును తప్ప అన్నీ తింటారంటూ పిచ్చుకలను, ఎలుకలను, పిల్లులను, బల్లులను కూడా అతడు ఏకరువు పెట్టాడు. ఏం కొంటున్నదీ కొనేవాడికి తెలియాలి కనుక వేటమాంసాన్ని ప్రాణంతోనే అమ్మాలన్న నియమాన్నీ అతడే నమోదు చేశాడు. ఇదే నగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు రాసిన 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు ఋతువును బట్టి అతిథులకు వడ్డించే భోజనాలు నోరూరిస్తాయి. వాటిలో మాంసం ఒక్క ముక్కా లేదు.

యజ్ఞపశువు పండితుల మధ్య మరో చిక్కు. జీవమున్న మేక బదులు పిండితో చేసిన పిష్టపశువు చాలునని మాధ్వులు, చాలదని స్మార్తులు వాదించుకున్నారు. యజ్ఞంలో మేకను చంపడాన్నీ, నోటి రుచికి ప్రాణం తీయడాన్నీ వేమన పేరిట ఉన్న పద్యాలు సూటిగా నిలదీశాయి. మరోవైపు కుతుబ్‌షాహీలు, ఆసఫ్‌జాహీల హైదరాబాదు బిర్యానీకి పేరుబడింది. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బులు తెచ్చిన హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు పొందిన తొలి భారతీయ మాంస వంటకం అదే.

పల్లెలో మాంసం పండుగ వస్తువు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో ప్రచురించిన గ్రామదేవతల గ్రంథంలో తెలుగు జిల్లాల దున్నపోతు బలులను వివరించాడు. తెగిన తలను దేవత ముందు పెట్టి, కుడి ముంగాలును దాని నోట అడ్డంగా కరిపించి, కళ్ల మీద కొవ్వు పూసి, తల మీద దీపం వెలిగించేవారు. నెత్తురు కలిపిన అన్నాన్ని పొలిమేర చుట్టూ పొలి చల్లేవారు. దేవత రక్షణ ఊరందరిది. దున్న మాంసం మాత్రం ఊరు అంటరానివారన్న మాదిగలది. ఈ తేడా గురించి బిషప్ కన్నా డాక్టర్ అంబేడ్కర్ లోతుగా ఆలోచించాడు. 1948 నాటి 'ది అన్‌టచబుల్స్'లో అంటరానితనం మూలాలను ఆయన గొడ్డు మాంసంతో ముడిపెట్టి వివరించాడు. దళితవాడల్లో ఆ మాంసాన్ని పొడుగ్గా చీల్చి, ఉప్పు, పసుపు పట్టించి దండేల మీద ఆరేసిన తునకలు వానాకాలానికి దాచుకున్న కూర. దీన్ని తమ ఆహారంగా బాహాటంగా చెప్పుకునేందుకు 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు జరిపిన బీఫ్ పండుగ ఘర్షణలకు దారితీసింది. అంతకు 40 ఏళ్ల ముందే, 1972 ఆగస్టు 15న, విజయవాడలో నాస్తికవాది గోరా స్థాపించిన నాస్తిక కేంద్రం గొడ్డు మాంసాన్ని, పంది మాంసాన్ని ఒకే పంక్తిలో వడ్డించింది.

యాటను (మేకనో గొర్రెనో) నలుగురైదుగురు కలిసి కొని, కోసి, ఆకుల మీద పోగులు పెట్టుకోవడం తెలంగాణలో ఇంకా ఉంది. ప్రతి పోగులోనూ కొంత కార్జం, కొంత బోటి, ఒక మూలుగ బొక్క పడేలా కంటితోనే తూకం చూస్తారు. తలకాయ ఎవరికన్నది ముందే మాట్లాడుకుంటారు. రాయలసీమలో రాగిసంగటికి నాటుకోడి పులుసు, కోస్తాలో గారెలకు కోడికూర జత. పశువులను పూజించే కనుమ నాడు నీసు వండక, ముక్కనుమ దాకా ఆగే ఇళ్లు కోస్తాలో ఉన్నాయి.

చట్టాలు 20వ శతాబ్దంలో వచ్చాయి. జంతు, పక్షి బలులను నిషేధిస్తూ 1950లో మద్రాసు రాష్ట్రం చేసిన చట్టం ఆంధ్రప్రదేశ్‌కు సంక్రమించింది. గోవధ నిషేధ చట్టం 1977లో వచ్చింది. బలి చట్టం పుస్తకంలో ఉండగానే జాతరల్లో యాటలు తెగుతూనే ఉన్నాయి. మరోవైపు, 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు 75 శాతం రాయితీపై కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచే పథకం మొదలుపెట్టింది.

అసలు మార్పును బ్రాయిలర్ కోడి తెచ్చింది. 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్ స్థాపించిన తెలుగువాడు బి.వి.రావు పేరు ఈ పరిశ్రమ నుంచి విడదీయలేనిది. ఆరు వారాల్లో సుమారు రెండు కిలోలు తూగే కోడి రావడంతో మాంసం పండుగ నుంచి ఆదివారానికి, ఆదివారం నుంచి వారమంతటికీ దిగివచ్చింది. చికెన్ సెంటర్లలో కోడిని ప్రాణంతోనే తూచి, గొంతు కోసి డ్రమ్ములో వేస్తారు. అది కొట్టుకోవడం ఆగేలోగా కొట్టువాడు అడిగేది ఒక్కటే: స్కిన్‌తోనా, స్కిన్‌లెస్సా? కొనేవాడు చాలాసార్లు ఫోను చూసుకుంటూ ఉంటాడు.

గాంధీ జయంతి నాడు హైదరాబాదులో మాంసం దుకాణాలు మూయిస్తారు. తెలంగాణలో దసరా అంటే యాటకూర. 2025లో ఈ రెండూ ఒకే రోజున, అక్టోబరు 2న వచ్చాయి.