బడికి వెళ్లకుండా కాలేజీకి: గుంటూరు సీమలో ప్రైవేటు చదువుల చరిత్ర

కవి గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. బడిలో కులం పేరుతో అవమానాలు పడ్డారు. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతానికి పంతులయ్యారు. అదీ నిలవకపోతే రాజమహేంద్రవరం వెళ్లి, మూకీ సినిమాలు ఆడే హాళ్లలో కథా సంభాషణా చదివి వినిపించే పని చేశారు. తిరిగి గుంటూరు చేరి లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో దాదాపు పదేళ్లు పనిచేశారు. సంస్కృత కావ్యాలు చెప్పించుకుందామంటే పండితులు ముందుకొచ్చే రోజులు కావు. జూపూడి హనుమచ్ఛాస్త్రి ఒప్పుకొని మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చెప్పారు. 1928 నుంచి 1942 దాకా జాషువా గుంటూరులోనే ఉభయభాషా పండితుడిగా ఉద్యోగం చేశారు. ఉన్న బడి సగమే చెబితే మిగతా సగం బయట ఎలా సంపాదించుకోవాలో చూపించిన జీవితం అది.

ఇప్పుడు పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్న తల్లిదండ్రులు, అదేదో అమెరికా నుంచి దిగిన ఆలోచన అనుకుంటారు. నిజానికి పత్తి, మిరప పండే ఈ నేలలో బడి గడప తొక్కకుండా పరీక్షకు కట్టడం ముత్తాతల నాటి వ్యవహారం. ఒక్క చిక్కే ఎప్పుడూ వెంటాడింది. ఏ పరీక్ష కడితే ఏ కాలేజీలో చేర్చుకుంటారో, ఎక్కడ ఆపేస్తారో ముందుగా చెప్పే మనిషి దొరకడం కష్టం.

టంగుటూరి ప్రకాశానికి ఆ మనిషి దొరికాడు. 1872లో ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టిన ప్రకాశాన్ని తల్లి ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి చదివించింది. మిషన్ స్కూలు మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు రాజమహేంద్రవరం వెళుతూ కుర్రాణ్ణి వెంటబెట్టుకుపోయారు. ప్రకాశం తర్వాత సెకండ్ గ్రేడ్ ప్లీడరు పరీక్ష ప్యాసయ్యారు. ఆ పట్టాతో పెద్ద కోర్టుల్లో వాదించడానికి వీల్లేదని తెలిశాక 1904లో ఇంగ్లండు వెళ్లి బారిస్టరయ్యారు. ప్రాక్టీసు బాగా నడుస్తున్న ప్లీడరు సముద్రం దాటి మళ్లీ మొదటి మెట్టు నుంచి చదవాల్సి వచ్చిందంటే కారణం తెలివి చాలకపోవడం కాదు, పట్టాకు ఉన్న హద్దు. ఈ హద్దు ముందు ముందు మరింత మందికి తగిలింది.

ఆడవాళ్ల విషయంలో ఆ హద్దు ఇంకా దగ్గరగా ఉండేది. పన్నెండేళ్లకే పెళ్లి, పద్నాలుగేళ్లకే వైధవ్యం వచ్చిన ఇళ్లల్లో బడి మాటే లేదు. వేములూరిపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ, భార్య లక్ష్మీబాయమ్మతో కలిసి 1922లో గుంటూరులో శారదానికేతనం పెట్టారు. ఉన్నవ ‘మాలపల్లి’ రచయితగానే ఎక్కువ మందికి గుర్తు. ఇల్లు దాటి వచ్చిన ఆడపిల్లలకు ఉండటానికి చోటూ, చదువూ కలిపి ఇవ్వాలన్న పట్టుదల ఆ నవల కంటే తక్కువ పని కాదు.

కాలేజీ దాకా తీసుకెళ్లే దారిని పట్టి చూపించింది మాత్రం కాకినాడ నుంచి మద్రాసు చేరిన దుర్గాబాయి. చిన్నప్పుడే ఇంగ్లీషు చదువు వద్దని బడి మానేసిన ఆమె, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లి బయటికొచ్చాక ఇంట్లో చదివి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. ఆ పరీక్షకు బడి హాజరు అడిగేవాళ్లు కాదు. తాను దాటిన దారినే నలుగురికీ చూపించాలని 1937లో మైలాపూరులో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టి, పెళ్లయినవాళ్లనీ వితంతువులనీ కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్ పాఠాలు చెప్పించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరదామంటే ఆడపిల్లలకు హాస్టలు లేదని వైస్‌చాన్సలర్ సి.ఆర్. రెడ్డి అన్నారు. ఆమె చేరదలచిన అమ్మాయిల్ని కూడగట్టి, హాస్టలు ఏర్పాటు చేయించి మరీ చేరారు. ఎక్కడ హాజరు అడగరు, ఎక్కడ గది లేదంటారు, దానికి ఏం చెయ్యాలి అనే మూడు సంగతులూ తెలిసిన మనిషి ఆమె. ఇవాళ కౌన్సెలర్లు చేసేది ఇదే పని.

పల్లెల్లో ఈ పనిని పుస్తకాలూ, ప్రచారకులూ కొంత చేశారు. ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం గ్రంథాలయం మొదలైంది. 1929లో గాంధీజీ దాని కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. బడి లేనివాడికి పుస్తకం దొరికే చోటు ఊళ్లోనే ఉండటం చిన్న విషయం కాదు. ఇక దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు: ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ. పొద్దున్న పొలం, రాత్రి అరుగు మీద హిందీ పాఠం అనుకునే కుర్రాళ్లు ఈ మెట్లన్నీ ఎక్కి హిందీ పండిట్లుగా స్థిరపడ్డారు. ఉభయభాషా ప్రవీణ దారీ అంతే. భాష మీదే నడిచే చదువులకు ప్రయోగశాల అక్కర్లేదు, పుస్తకమూ గురువూ ఉంటే చాలు.

తర్వాతి కాలంలో ‘ఆంధ్రా మెట్రిక్’ పేరు ఊరూరా మోగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టే ఆ పరీక్షకు ప్రైవేటుగా కట్టొచ్చు. దాన్ని నమ్ముకొని పట్నాల్లో ట్యుటోరియల్ కాలేజీలు వెలిశాయి. మేడ మీద రెండు గదులు, బెంచీలు, నల్లబల్ల, పాత ప్రశ్నపత్రాల కట్ట. చేరేవాళ్లలో మీసాలొచ్చినవాళ్లే ఎక్కువ: ఎస్సెల్సీ తప్పినవాళ్లు, చదువు మధ్యలో ఆపేసి కొట్లో గుమాస్తాగా చేరినవాళ్లు. మార్చిలో పోతే సెప్టెంబరుకు కట్టేవాళ్లు. గజనీ దండయాత్రలని ఊళ్లో వెక్కిరించినా ఫీజు కట్టడం మాత్రం మానేవాళ్లు కాదు. ఈ సీమలో ఇంకో ఇబ్బంది ఉంది. మార్చి అంటే పరీక్షల నెలే కాదు, మిరపకాయ కల్లాల్లో ఎండే నెల కూడా. పగలు కాయ తిరగేయాలి, తాలుకాయ ఏరాలి, రాత్రి కల్లానికి కాపలా పడుకోవాలి. ఘాటుకు కళ్లు మండుతుండగా లాంతరు పక్కన గైడు తెరవడమే చదువు. ఫీజు కట్టడానికి చేతికి డబ్బు రావాలంటే ఆ కాయే మార్కెట్ యార్డుకు చేరాలి.

1971లో ఇంటర్మీడియట్ బోర్డు వచ్చింది. కాలేజీలో చేరని వాళ్లకు ‘హాజరు మినహాయింపు’ రుసుము కట్టించుకొని పరీక్షకు అనుమతించే పద్ధతి ఉంది. వినడానికి ఉదారంగానే ఉంటుంది. అయితే అది ఆర్ట్స్ గ్రూపులకే. సైన్సుకు ప్రాక్టికల్స్ ఉన్నాయి కాబట్టి వీల్లేదు. సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే ఈ జిల్లాల రైతు ఇళ్లలో కొడుకు ఇంజినీరో డాక్టరో కావాలన్న కోరిక ముదిరింది. ప్రైవేటుగా కట్టే కుర్రాడికి హెచ్‌ఈసీ, సీఈసీ తప్ప గతి లేదు. ఇంజినీరింగు, మెడిసిన్ గేట్లు పదహారేళ్లకే మూతపడ్డాయి. ఆ సంగతి చాలామందికి ఇంటర్ ప్యాసయ్యాక గాని తెలిసేది కాదు. ప్రైవేటు చదువుల చరిత్రలో అన్నిటికంటే పెద్ద అన్యాయం ఇదేనని చెప్పాలి.

మరో వైపు బడి లోపలి చదువు గట్టిపడుతూ వచ్చింది. 1972లో తాడికొండలో ప్రభుత్వ గురుకులం వచ్చింది. డెబ్భైల చివర్లో లావు రత్తయ్య గుంటూరులో విజ్ఞాన్ విద్యాసంస్థలకు పునాది వేశారు. ఎనభైల్లో ఎంసెట్ వచ్చాక కోచింగ్ అంటే గుంటూరు, విజయవాడ అనే పేరు పడింది. తెల్లవారుజామున లేపి అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టే హాస్టళ్లలో దారి చెప్పే పని యాజమాన్యమే చూసుకునేది. ఒకటే దారి కాబట్టి చెప్పడమూ తేలికే.

బయట ఉన్నవాళ్లకు ఊరట 1982 ఆగస్టులో దక్కింది. హైదరాబాదులో జి. రాంరెడ్డి వైస్‌చాన్సలర్‌గా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది. నిర్ణీత వయసు నిండి ఉంటే, పదో తరగతి పట్టా లేకపోయినా, అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరనిచ్చింది. తర్వాత దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. దూరవిద్య డిగ్రీతో గుమాస్తా ఉద్యోగాల నుంచి పైకొచ్చినవాళ్లు ఈ జిల్లాల్లో ఏ ఆఫీసుకు వెళ్లినా కనిపిస్తారు. ఐతే ఇక్కడా సైన్సు చిక్కు పూర్తిగా తీరలేదు.

దాన్ని తీర్చింది ఓపెన్ స్కూలు. కేంద్రం 1989లో జాతీయ ఓపెన్ స్కూలును, రాష్ట్రం 1991లో ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీని మొదలుపెట్టాయి. జాతీయ సంస్థలో పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి, పదిహేనేళ్లు నిండితే ఇంటర్ స్థాయికి చేరొచ్చు. ఒకసారి నమోదైతే ఐదేళ్ల గడువు, తొమ్మిది సార్లు పరీక్ష రాసే వీలు. ప్రాక్టికల్స్ అధ్యయన కేంద్రంలో చేయిస్తారు. హాజరు మినహాయింపు దగ్గర ఆగిపోయిన సైన్సు చదువు అలా బడి బయటి వాళ్లకూ అందింది.

వైద్య విద్య మాత్రం మళ్లీ అడ్డుపడింది. ఓపెన్ స్కూలు వాళ్లూ, ప్రైవేటుగా కట్టినవాళ్లూ నీట్‌కు అనర్హులని 2018 జనవరిలో భారత వైద్య మండలి నిబంధన పెట్టింది. అదే ఏడాది మేలో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2024 మార్చిలో సుప్రీంకోర్టు ముందు కూడా ఆ విద్యార్థులకు అనుకూలంగానే తేలింది. ఆరేళ్ల పాటు ఈ పిల్లలు ఫలితం తెలియకుండానే చదవాల్సి వచ్చింది.

అమెరికాలో ఇంటి చదువు 1993 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమైంది. అక్కడ పిల్లల మార్కుల పత్రం తల్లే తయారు చేస్తుంది, ఏ కాలేజీకి ఏం కావాలో తెలుసుకొనే పని కూడా ఆమెదే. మన దగ్గర మార్కులు బోర్డే ఇస్తుంది, కానీ ఆ రెండో పనికి మనిషి లేడు. గుంటూరులో డాక్టరమ్మ ఇంట చదివే పిల్లకు ఇంటర్నెట్ ఉంది. కర్నూలు పడమటి మండలాల నుంచి మిరప కోతలకు వలసొచ్చే కుటుంబంతో పాటు చేలో గుడారంలో ఉండే పదిహేనేళ్ల పిల్లకీ ఓపెన్ స్కూలు పుస్తకాలే దిక్కు. కానీ ఆమెకు ఎవరు చెప్పాలి?

అందుకని ఓపెన్ స్కూలులో పేరు రాయించే ముందు తల్లిదండ్రులు చూసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. నీట్ రాయాలంటే భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో పాటు ఇంగ్లీషు తప్పనిసరి. ఐఐటీ సీటుకు గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు, ఒక భాష, మరో సబ్జెక్టు కలిపి ఐదు ఉండాలి. 75 శాతం మార్కులు గాని, ఆ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో స్థానం గాని రావాలి, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 65 శాతం చాలు. ఈ లెక్క చూసుకోకుండా తేలికగా ఉందని సబ్జెక్టులు ఎంచుకుంటే తర్వాత మార్చుకోవడం కష్టం. ఏ కోర్సుకు వెళ్లాలనుకుంటున్నారో ఆ కోర్సు అర్హత నిబంధనల పత్రం ముందు తెచ్చుకొని చదవండి, ఆ తర్వాతే అధ్యయన కేంద్రానికి వెళ్లండి.