పల్నాటి బౌద్ధభూమిలో క్రైస్తవుల సేవ

పల్నాడనఁగానే కారెంపూఁడి రణరంగమును, బ్రహ్మనాయని చాపకూడును మనస్సునకు వచ్చుట తెలుఁగువారికి సహజము. కాని యా వీరుల కథ యీ సీమ చరిత్రమున నడిమి ఘట్టము మాత్రమే. దానికి దాదాపు తొమ్మిదివందల యేండ్లకు ముందు కృష్ణాతీరమున బౌద్ధాచార్యులు ధర్మబోధ గావించుచుండిరి. దానికి ఆఱువందల యేండ్లకుఁ బైగాఁ గడచిన పిదప అమెరికా దేశమునుండి వచ్చిన క్రైస్తవబోధకులు మందులతోను బడులతోను నీ పల్లెలఁ బ్రవేశించిరి. మాచవరము మొదలుకొని గురజాల, మాచెర్లల వఱకుఁ గల యొకే భూమిపై నడచిన యీ రెండు మతప్రచారములకుఁ గల సంబంధమెట్టిదో విచారింపఁదగియున్నది.

బౌద్ధము మాట మొదట. క్రీ. శ. 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకురాజుల రాజధానియైన విజయపురి నాగార్జునకొండ లోయలో నుండెను. 1926లో నా లోయ పురావస్తుశాఖవారి దృష్టికి వచ్చెను. ఆ యేఁటనే ఫ్రెంచి పండితుఁడు జూవో దుబ్రేయి గోలి గ్రామమునందలి స్తూపశిల్పములను వెలికిఁ దీసెను. నాగార్జునకొండ శాసనములలోఁ బ్రకృతవిషయమునకు మిక్కిలి యుపకరించునది ఉపాసిక బోధిసిరి వేయించినది. వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరమున నామె చుళధమ్మగిరిపైఁ జైత్యగృహము గట్టించి తామ్రపర్ణి, అనఁగా సింహళదేశపు ఆచార్యుల కొసఁగెను. ఆ యాచార్యులు కాశ్మీరము, గాంధారము, చీనము, తోసలి, వంగము, వనవాసి, ద్రవిడము మున్నగు దేశములవారిని ధర్మమునందుఁ బ్రసన్నులఁ గావించిరని యందుఁ జెప్పఁబడినది. దేశదేశములు దిరిగి బోధించుటను మహాపుణ్యముగా నెంచి ఱాతిపైఁ జెక్కించిన చోటు పల్నాటిదే యన్నమాట! అచ్చటి విహారశిథిలములలో దొరకిన యొక శాసనఖండమున 'విగతజ్వరాలయ' మను మాటను గొందఱు పండితులు చదివి, రోగులు కోలుకొనుటకైన యిల్లు కాఁబోలునని యూహించిరి.

ఈ వైభవము నిలువలేదు. 7వ శతాబ్దమున హ్యూయన్‌త్సాంగు ధాన్యకటక దేశమునకు వచ్చునాఁటికే విహారములు పెక్కు పాడుపడియుండెను. కావున 19వ శతాబ్దమున వచ్చిన మిషనరీలు పల్నాటి బౌద్ధులను గ్రైస్తవులఁ గావించిరనుట పొసఁగదు. అప్పటికి భిక్షుసంఘమును లేదు, దాని జ్ఞాపకమును లేదు.

లూథరన్ బోధకుఁడు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు 1842 జూలై 31వ తేదిని గుంటూరు చేరెను. నందన సంవత్సరపు డొక్కల కఱవు ఆ మండలమును బాడుచేసి పదియేండ్లే యైయుండెను. కలెక్టరు హెన్రీ స్టోక్సు ఆయనకుఁ దోడ్పడెను. కొన్ని యేండ్లు బడులు నడపిన పిమ్మట హయ్యరు స్వదేశమునకుఁ బోయి, యేఁబదియేండ్లు దాటిన వయస్సున బాల్టిమోరు నగరమున వైద్యవిద్య నభ్యసించెను. వాక్యబోధ మొక్కటియే చాలదని యాయన యనుభవముచే నెఱిఁగియుండవలెను. 1848లో మరలివచ్చి, మఱుసటి యేఁడు పల్నాడు చేరి, గురజాల కేంద్రముగా 1857 వఱకుఁ బనిచేసెను. గోలి స్తూపమాయన నివాసమునకు దవ్వు కాదు, అయినను దాని శిల్పములు వెలికి వచ్చుట కింకను డెబ్బదియేండ్లు పట్టవలసియుండెను.

వైద్యమును సేవగా నెంచుట యాతనిని బంపిన సంఘములకును వెంటనే రుచించినది కాదు. అన్నా కూగ్లరు 1883లో గుంటూరునకు వచ్చినపుడు, ఆమె వైద్యురాలై యుండియు, వైద్యసేవకురాలిగా నియమింపఁబడలేదు. స్త్రీలకు వైద్యము చేయు పనికిఁ దాము సిద్ధముగా లేమని సంఘాధికారులు తలంచిరి. 1885 చివరనే యా యనుమతి లభించెను, 1898లో ఆస్పత్రి తెఱవఁబడెను. ఆమెను బంపినవారు అమెరికాలోని లూథరన్ స్త్రీసమాజమువారు. విజయపురి మహాచైత్యమునకు స్తంభము లిప్పించిన చాంతిసిరి, చైత్యగృహము గట్టించిన బోధిసిరి, సముద్రముల కావలనుండి చందాలు పంపిన యీ స్త్రీలు, వీరినందఱ నొక్క వరుసఁ బేర్కొనుట తప్పు గాదు.

అయితే సేవకును మతాంతరీకరణమునకును గల ముడి యంత సులువుగ విడునది గాదు. అది తేటపడుటకుఁ బల్నాటికి దక్షిణముననున్న ఒంగోలు వైపు చూడవలెను. ఇప్పటి పల్నాటి జిల్లాలోని నరసారావుపేట, వినుకొండ ప్రాంతములుకూడఁ దరువాత నదే బాప్టిస్టు మిషనునకుఁ గేంద్రములయ్యెను. 1876-78 నాఁటి ధాత కఱవులో జాన్ క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వుటలోఁ గొంతభాగమును గంట్రాక్టునకుఁ దీసికొని వేలకొలఁది కూలీలకుఁ బని గల్పించెను. కూటికొఱకు మతము పుచ్చుకొనిరన్న నింద రాఁగూడదని, సహాయకార్యము జరుగుచున్నంతకాలము బాప్తిస్మము లీయకుండెను. సహాయము ముగిసిన పిమ్మట, 1878 జూలై 3వ తేదిని గుండ్లకమ్మలో నొక్కదినమున 2,222 మందికి బాప్తిస్మ మీయఁబడెను. ఆ నిలుపుదల వలన నింద పూర్తిగాఁ దొలఁగెనని చెప్పఁజాలము, ఏలన నన్నము పెట్టిన చేతిని గడుపు నిండిన పిమ్మటను మఱవనివాఁడే మనుష్యుఁడు. కాని వచ్చినవారిని దిరుగఁగొట్టి నెలల తరబడి వేచియుండుటయు సామాన్యమైన నిగ్రహము గాదు.

ఆ వచ్చినవారెవరు? ఊరి గుడిలోనికిఁ బోరాని మాదిగలు, తోలుపనివారు. ఈ సందర్భమున నమరావతి స్తూపమునందలి యొక పలకను స్మరింపవలెను. అమరావతియు నేఁటి పల్నాటి జిల్లాలోనిదే. ఆ పలకపైఁ బూర్ణకుంభము చెక్కఁబడియున్నది. దానిని దానమిచ్చినవాఁడు విధికుఁడను చమ్మకారుఁడు, అనఁగాఁ దోలుపనివాఁడు. ఆతని తండ్రి నాగుఁ డుపాధ్యాయుఁడు. రాణులును, సార్థవాహుల భార్యలును జేసిన దానముల నడుమఁ జర్మకారుఁడు తన కులవృత్తిని దాఁచక, తండ్రి పేరుతోఁ దన పేరు చెక్కించుకొనెను. తరువాతి దేవాలయశాసనములలో నట్టి దాతను వెదకి పట్టుట కష్టము. చాపకూటి కథలోఁ గన్నమదాసు కనఁబడును గాని యది గాథ, శాసనము గాదు. గుండ్లకమ్మలో దిగినవారి పేళ్లను మిషనువారు పుస్తకములలో వ్రాసికొనిరి. వారిలో నధికసంఖ్యాకులు విధికుని వృత్తివారే.