ప్రియదర్శిని మొదలు చేతిఫోను వఱకు



పల్లెల రచ్చబండల మీద ఈ దినములలో తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. దూరదేశమందున్న మనుమడు చేతిఫోనులో కనబడి, "తాతయ్యా, అన్నం తిన్నావా?" అని పలుకరించినపుడు, ప్రక్కనున్న పెద్దలలో నెవరో యొకరు "ఇది మాయాబజారులోని ప్రియదర్శినియే కదా!" అందురు. సరసమైన మాట. కాని దాని వెనుక నొక ప్రశ్న యున్నది. మానవుడు మొదట కల గని, పిదప ఆ కలను యంత్రముగా చేసికొనెనా? లేక యంత్రము చేతికి వచ్చిన పిదప పాత కలలకు క్రొత్త యర్థము చెప్పుకొనుచున్నాడా? ఈ ప్రశ్నకు సంబంధించిన చరిత్రను నాకు తెలిసినంత మేరకు మనవి చేసెదను.

నేను కావ్యనాటకాలంకారములు చదివి, బడిపంతులుగా కాలము గడపినవాడను. అయినను గ్రహాంతరయానములు, యంత్రపురుషులు గల కథలన్నను, చలనచిత్రములన్నను నాకు మిక్కిలి మక్కువ. పండితమిత్రులు కొందఱు దీనిని పిల్లచేష్ట యని నవ్వుదురు. నవ్వినను మానలేకున్నాను.

మన ఆలంకారికులు కథావస్తువును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు తెఱగులుగా విభజించిరి. ఆ విభాగమును కొంచెము సాగదీసి చెప్పినచో శాస్త్రకల్పన కథ మిశ్రమునకు చేరును. అందు సగము ప్రకృతిశాస్త్రము వలన తెలిసిన సంగతి. సగము కవి కల్పించినది. రెంటికి నడుమ అతుకు కనబడకుండ కుట్టుటయే ఆ కవి నేర్పు.

ఇట్టి కల్పన నిన్న మొన్నటిది కాదు. క్రీస్తు తరువాత రెండవ శతాబ్దిలో లూషియన్ అను గ్రంథకర్త గ్రీకు భాషలో నొక చంద్రలోక యాత్ర వ్రాసెను. ఆ చంద్రలోకమున నొక బావి యున్నదట. దాని మీద నొక పెద్ద యద్దము. బావిలోనికి దిగినవానికి భూమి మీది మాటలన్నియు వినబడును. అద్దము చూచినవానికి భూమి మీది పట్టణములన్నియు కనబడును. ప్రియదర్శినికి ఇది పెద్దక్క వంటిది. అయితే లూషియన్ తాను చెప్పుచున్నవన్నియు అబద్ధములే యని కథకు ముందే ఒప్పుకొనెను. ఈ నిజాయితీని శ్రోతలు మనస్సున నుంచుకొనవలయునని ప్రార్థన. దీనితో మనకు మున్ముందు పని యున్నది.

1865వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు రచయిత జూల్స్ వెర్న్ భూమి నుండి చంద్రునికి పోవు కథ నొకటి ప్రకటించెను. అమెరికాలోని ఫ్లోరిడాలో సుమారు 900 అడుగుల ఫిరంగిని భూమిలో పోతపోసి, అందుండి ముగ్గురు మనుష్యులను గుండులో కూర్చుండబెట్టి ప్రేల్చుదురు. 104 సంవత్సరముల పిమ్మట, 1969 జూలై 16వ తేదీన, అదే ఫ్లోరిడా నుండి ముగ్గురే మనుష్యులు చంద్రునికి బయలుదేరిరి. తిరిగి వచ్చునపుడు వెర్న్ యాత్రికులును, నిజమైన యాత్రికులును పసిఫిక్ మహాసముద్రముననే పడిరి. ఇంత వఱకు పోలిక యద్భుతము. కాని వెర్న్ ఉపాయము పొరపాటు. ఫిరంగి ప్రేలిన ఆ యొక్క కుదుపునకే లోనివారు ప్రాణములతో మిగులరు.

ఆ పొరపాటును సవరించినవారిలో మొదటివాడు రష్యా దేశములోని కలూగా పట్టణమునందు లెక్కలు చెప్పు నొక బడిపంతులు. పేరు త్సియొల్కోవ్‌స్కీ. బాల్యమున వచ్చిన జ్వరము వలన ఆయనకు చెవులు సరిగా వినబడవు. వెర్న్ కథలే తన యాలోచనకు బీజములని ఆయనయే చెప్పుకొనెను. ఒక్కసారి ప్రేలు ఫిరంగి పనికిరాదనియు, వెనుకకు వాయువును చిమ్ముచు కొంచెము కొంచెముగా వేగము పెంచుకొను రాకెట్టు కావలయుననియు ఆయన గణితముతో నిరూపించి 1903వ సంవత్సరమున ప్రకటించెను. అమెరికాలో గాడర్డ్ అను ఆచార్యుడు 1926 మార్చి 16వ తేదీన బంధువుల పొలమున ద్రవ ఇంధనముతో మొదటి రాకెట్టును ఎగురవేసెను. అది ఆకాశమున నున్నది రెండున్నర సెకండ్లు. ఎక్కినది 41 అడుగులు. మన తాటిచెట్టు పొడవైనను లేదు! ఆ గాడర్డ్‌కును ఈ మక్కువ పుట్టినది వెల్స్ అను ఆంగ్ల రచయిత కథ వలననే. కథ దారి చూపెను; గణితము నడిపించెను. ఒకదానికి బదులు మఱియొకటి పనిచేయదు.

ఇక చలనచిత్రముల మాట. 1902లో పారిసు నగరమున మేలియెస్ అను నింద్రజాలికుడు చంద్రయాత్రను సినిమాగా తీసెను. అందు గుండు పోయి చంద్రుని కంటిలో గ్రుచ్చుకొనును. పావుగంట కూడ లేని ఆ మూగచిత్రమును నేడు చూచినను నవ్వు వచ్చును, ముచ్చటయు కలుగును. పాప మాయన తుదకు సర్వము పోగొట్టుకొని, పారిసు రైలుస్టేషనులో బొమ్మల దుకాణము పెట్టుకొని బ్రతికెను. 1929లో జర్మనీ దేశమున ఫ్రిట్జ్ లాంగ్ తీసిన చంద్రయాత్రలో రాకెట్టు వదలుటకు ముందు అంకెలను వెనుకనుండి లెక్కించిరి. ప్రేక్షకుల యుత్కంఠ కొఱకు పెట్టిన ఆ వెనుక లెక్క పిదప నిజమైన రాకెట్టులకును ఆచారమైనది. ఆ చిత్రమునకు సలహాదారు ఓబర్త్ అను శాస్త్రజ్ఞుడు. ఆయన వద్ద పని నేర్చిన ఫాన్ బ్రౌన్ అను యువకుడే పిదప యుద్ధమున వీ-2 రాకెట్టు నిర్మించెను. 1944లో అవి లండను మీద పడెను. వానిని చేయించినది చెఱలోని ఖైదీల చేత. ఆ వెట్టిలో వేలమంది మరణించిరి. ఆ ఫాన్ బ్రౌన్ పిదప అమెరికాకు పోయి, చంద్రునికి మనుష్యులను చేర్చిన రాకెట్టును నిర్మించిన వారికి నాయకుడయ్యెను. చంద్రయాత్రను కొనియాడునపుడు ఈ సంగతిని మఱచుట న్యాయము కాదు.

వెట్టి యనగా జ్ఞప్తికి వచ్చుచున్నది. నేడు పిల్లలు కూడ పలుకు 'రోబో' అను మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ వ్రాసిన నాటకము నుండి వచ్చినది. ఆ భాషలో 'రోబొట' యనగా దొరల పొలములలో కూలి లేక చేయు వెట్టిచాకిరి. ఆ మాట యర్థము తెలంగాణమున దొరల కాలము నెఱిగిన కుటుంబములకు వేరుగా విప్పి చెప్పనక్కఱలేదు. ఆ నాటకములోని వెట్టివారు తిరుగబడుదురు. కావున రోబో కథ యంత్రముల కథ యని చెప్పుకొన్నను, మూలమున అది మనుష్యుని మనుష్యుడు వాడుకొనిన కథయే.

ఇపుడు మన యూళ్లకు సంబంధించిన ఘట్టము. ఆర్థర్ క్లార్క్ అను ఆంగ్లేయుడు శాస్త్రకల్పన కథకుడు. యుద్ధకాలమున వైమానికదళమున రాడారు పని చూచినవాడు. 1945 అక్టోబరులో ఆయన యొక రేడియో పత్రికలో నొక వ్యాసము ప్రకటించెను. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున తిరుగు వస్తువు భూమితో సమానముగా దినమున కొకసారి చుట్టివచ్చును గనుక, క్రిందివారికి కదలక నిలిచినట్లు కనబడును. అట్టివి మూడుంటే ప్రపంచమంతటికి ప్రసారములు చేయవచ్చును. ఇదియే ఆ వ్యాససారము. ఆ యాకాశగృహములలో మనుష్యులుండి పని చూతురని ఆయన యూహించెను, అది తప్పిపోయినది. లెక్క మాత్రము తప్పలేదు. 1964లో అట్టి కదలని ఉపగ్రహము నిజముగనే నిలిచెను.

ఆ లెక్క ఫలము మన పల్లెలకు వచ్చినది 1975వ సంవత్సరమున. విక్రమ్ సారాభాయి తలపెట్టి, తాను చూడకయే 1971లో స్వర్గస్థుడైన పని యది. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జూలై 31వ తేదీ వఱకు, అమెరికా వారి ఉపగ్రహ మొకదాని ద్వారా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ ప్రసారములు జరిగెను. ఆంధ్రప్రదేశ మందొకటి. కోళ్లదొడ్లకు కట్టునట్టి తీగవలతో చేసిన పదియడుగుల గొడుగు. గ్రామమంతటికి నొక్క పెట్టె. ఉదయము పిల్లలకు పాఠములు. సాయంకాలము వ్యవసాయము, ఆరోగ్యము, ఆటపాటలు. అవియు మన తెలుగుననే. పట్టణవాసులనేకులు టెలివిజన్ చూడకమునుపే పల్లెటూరి రైతు ఆకాశమునుండి దిగిన బొమ్మను చూచెను. సింహళమున స్థిరపడిన క్లార్క్ ఇంటను మన శాస్త్రజ్ఞు లట్టి గొడుగు నొకటి నిలిపిరి. కథకుడు తన యూహ ఫలించుటను తన యింటనే కూర్చుండి చూచెను. ఇంతటి యదృష్టము కవుల కరుదు.

అయితే సంవత్సరము నిండగనే ఆ ఉపగ్రహమును అమెరికా వారు తమ వైపునకు మరల్చుకొనిరి. ఆ ప్రసారములు నిలిచిపోయెను. ఎరవు సొమ్ము ఎరవే. పిదప 1983లో మన ఇన్సాట్-1బి వచ్చిన తరువాతనే మనకు స్వంత ఆధారము దృఢపడినది.

చేతిఫోను కథయు నిట్టిదే. 1946లో డిక్ ట్రేసీ యను అమెరికా బొమ్మల కథలో నాయకుడు మణికట్టునకు రేడియో కట్టుకొని మాటలాడును. 1973 ఏప్రిల్ 3వ తేదీన న్యూయార్కు వీథిలో మార్టిన్ కూపర్ మొదటి చేతిఫోనుతో మాటలాడెను. ఆ బొమ్మకథ తనకు ప్రేరణ యని ఆయన చెప్పెను. దాని బరువు కిలోగ్రాముకు పైమాట. 1983లో అమ్మకమునకు వచ్చినపుడు వెల 3,995 డాలర్లు. అంతకుముందు 1964లోనే న్యూయార్కు ప్రదర్శనమున ముఖము కనబడు టెలిఫోనును చూపిరి. వెల యెక్కువై జనులు కొనలేదు. 1968లో క్లార్క్, కూబ్రిక్ కలిసి రచించిన '2001' అను చలనచిత్రమున నొక తండ్రి అంతరిక్షమునుండి తన చిన్ననాటి కుమార్తెతో ముఖాముఖి మాటలాడి, ఆమె పుట్టినరోజునకు రాలేకపోవుచున్నానని చెప్పును. ఆ చిత్రము మందగతి యని పిల్లలు విసుగుకొందురు. నాకు మాత్రము ఆ యొక్క ఘట్టమే మనస్సున నిలిచినది. దూరమున నున్న బిడ్డ ముఖమును చూపుట యంత్రమునకు సాధ్యము. పండుగకు ఇంట నుంచుట అసాధ్యము. మన పల్లెల వృద్ధులకు ఈ సంగతి ఎవరును చెప్పనక్కఱలేదు.

ఫోనులను గూర్చి నా యభిప్రాయ మొకటి. పూర్వము రేడియో చెడినచో వెనుకపలక విప్పి, వాల్వు మార్చి, మరల పాడించెడివారు. నేటి ఫోనుకు విప్పుటకు మూతయే యుండదు. వస్తువు మనదే, దాని గుట్టు మాత్రము మనది కాదు. దీనిని నేను గొప్ప యభివృద్ధిగా నెంచజాలను.

మన చిత్రములలో 1957 నాటి కె.వి. రెడ్డి 'మాయాబజారు'నకు సాటి లేదు. అందు సహాయకుడుగా నుండిన సింగీతం శ్రీనివాసరావు 1991లో 'ఆదిత్య 369' తీసి, కాలయంత్రముపై కథానాయకుని కృష్ణదేవరాయల సభకు పంపెను. కాలయంత్రమను ఊహ 1895 నాటి వెల్స్ కథ. ఆ సభ మాత్రము మనది. మిశ్రమనగా నిట్లుండవలయును. రాబోవు కాలమును చూపిన భాగము కంటె రాయల సభయే నాకు రుచించినది.

ఇక కొందఱు "ఇవన్నియు మన పూర్వులకు తెలిసినవే, పుష్పకవిమాన ముండెడిది కదా" యని వాదింతురు. నేనును ఆ గ్రంథములయందే పెరిగినవాడను గనుక చెప్పుచున్నాను. వాల్మీకి పుష్పకమును వర్ణించెను. చేయు విధానమును చెప్పలేదు. చెప్పుట ఆయన పని కాదు. ప్రాచీనమని ప్రచారమైన 'వైమానిక శాస్త్రము'ను బెంగుళూరు విజ్ఞాన సంస్థ వారు 1974లో పరిశీలించి, అది 1904కు ముందటిది కాదనియు, అందలి విమానములు ఎగురజాలవనియు తేల్చిరి. ఇందుచేత మన పూర్వుల గౌరవమునకు లోపము లేదు. కల్పనను కల్పన యని యొప్పుకొనిన లూషియన్‌కు గౌరవము తగ్గినదా? మహాకవి ఊహను ఇంజనీరు చిట్టాగా మార్చుటయే ఆ కవికి చేయు అన్యాయము.

తుదిగా ప్రియదర్శిని వద్దకు వత్తము. అది పిలిచినవారిని చూపు పెట్టె కాదు; చూచువాని ప్రియమైనదానిని చూపునది. శశిరేఖకు అభిమన్యుడు కనబడెను, బలరామునకు దుర్యోధనుడు, రేవతికి నగలు. నేటి ఫోను కూడ మన చూపు దేనిపై నిలుచునో కనిపెట్టి, దానినే మరల మరల చూపుచున్నది. శశిరేఖ పెట్టె ఆ రహస్యమును ఎవరికిని అమ్ముకొనలేదు. మన పెట్టె విషయమున ఆ మాట చెప్పలేము.

ఆ చిత్రముననే మాయాశశిరేఖయు కలదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపమున వచ్చి పెండ్లివారినందఱిని భ్రమపెట్టును. నేడు యంత్రము మన మనుమని కంఠమును, ముఖమును కూడ అనుకరింపగలదు. "తాతయ్యా, ఆపదలో ఉన్నాను, వెంటనే డబ్బు పంపు" అని మోసగాండ్రు ఆ గొంతుతోనే అడుగుచున్నారు. అట్టి పిలుపు వచ్చినపుడు తొందరపడకుడు. ఆ ఫోను పెట్టివైచి, మీకు పూర్వము తెలిసిన నంబరునకు మీరే మరల పిలువుడు. ఇంటివారికి మాత్రమే తెలిసిన సంగతి నొకటి యడుగుడు.

ఆ చిత్రమున మూడవ వింత సత్యపీఠము. దానిపై నిలిచిన శకుని తన కపటమును తానే బయటపెట్టును. ప్రియదర్శినిని మనుష్యుడు చేసికొనెను, మాయాశశిరేఖనును చేసికొనెను. సత్యపీఠమును ఇంకను ఎవ్వరును చేయలేదు. అంతవఱకు ఆ పని పెద్దల వివేకమే చేయవలసి యున్నది. సెలవు.