బేగం చూడని ముంగిలి

నిజాం అలీఖాన్ ముందు పరిచిన కాగితం మరీ పెద్దది. మూసీ ఉత్తరపు ఒడ్డున కట్టదలచిన కొత్త రెసిడెన్సీ పటం అది. ఇంగ్లీషు రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ ఆశగా నిలబడ్డాడు. ఆ కాగితం వైశాల్యానికే జంకిన నిజాం కుదరదన్నాడు. అదే పటాన్ని చిన్న చీటీ మీద గీయించి తెస్తే మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. హైదరాబాదులో నేటికీ చెప్పుకునే కథ ఇది.

1803లో పని మొదలైంది. నమూనా మద్రాసు సైన్యపు ఇంజినీరు శామ్యూల్ రస్సెల్‌ది, సొమ్ము నిజాం ఖజానాది. ఉత్తరాన కొరింథియన్ స్తంభాల బారు, వాటిపై త్రికోణంలో ఈస్టిండియా కంపెనీ రాజచిహ్నం, విశాలమైన మెట్లు, వాటికి అటూఇటూ సింహాలు. లోపల రెండంతస్తుల ఎత్తు లేచిన దర్బారు హాలు. మెట్ల కింద నిలబడ్డవాడు తలెత్తి చూడక తప్పదు. అసలు కట్టించిందే అందుకు.

కిర్క్‌పాట్రిక్ ముస్లిం ఆచారం ప్రకారం పెళ్లాడిన ఖైరున్నిసా మాత్రం ఆ మెట్ల ముందుకు రాలేదు. గోషా. ఆమె ఉండేది వెనక జనానాలో, రంగమహల్లో. అందుకే తోటలో ఆ భవనానికి చిన్న ప్రతిరూపం కట్టించి ఇచ్చాడంటారు. ఒక సాయంత్రాన్ని ఊహించుకుంటాను: దాసీలు దూరంగా తప్పుకున్నారు, పిల్లలు బొమ్మ స్తంభాల మధ్య చేతులు దూరుస్తున్నారు. తన మగడు కట్టించే ఇంటి ముఖాన్ని ఆమె వంగి చూస్తోంది.

1805లో పిల్లలిద్దర్నీ చదువుకని ఇంగ్లండు ఓడ ఎక్కించారు. కొడుక్కి నాలుగేళ్లు, కూతురికి మూడు. తల్లి మళ్లీ వాళ్లను చూడలేదు. అదే అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు, భవనం పూర్తికాకముందే. ఆ తర్వాత ఆమెను హైదరాబాదులో అడుగుపెట్టనివ్వలేదు. మచిలీపట్నంలో ప్రవాసం. చివరికి తిరిగి రానిచ్చారు. 1813లో, ముప్పై నిండకుండానే, ఇక్కడే కన్నుమూసింది.

1857 జూలై 17న, ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడ్డ తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల దండు ఈ రెసిడెన్సీ మీదే విరుచుకుపడింది. కోట లాంటి ఆ భవనం నిలిచింది. మరికొన్నేళ్లకే ఇంగ్లీషువాళ్లు రంగమహల్‌ను నేలమట్టం చేశారు. శత్రువులెవరూ ముట్టుకోని ఇల్లది. తమ అధికారి ఒకడు ఇక్కడి అమ్మాయితో కాపురం చేశాడన్న గుర్తును వాళ్లు భరించలేకపోయారనే నా నమ్మకం.

1949 నుంచి ఆ ఆవరణలో కోఠీ మహిళా కళాశాల నడిచింది. పాడుపడిన భవనాన్ని ఈమధ్యే ఎంతో శ్రద్ధగా బాగుచేశారు. చూడవచ్చినవాళ్లను నేరుగా దర్బారు హాలుకు నడిపించకూడదు. ముందు వెనక తోటకు తీసుకెళ్లి, ఇక్కడ ఖైరున్నిసా ఉండేదని చెప్పాలి.